తెలిసిన పనికి పేటెంటా?

మగ్గమునకు ఒక చిన్న సదుపాయము అమర్చుకొన్నవాడు, దీనికి పేటెంటు తీసికొనవచ్చునా అని అడుగును. వేరొకడు పేటెంటు కాగితము చూపి, ఇది నాది, మీరు వాడరాదని బెదరించును. ఈ రెండు చిక్కులకును మూలప్రశ్న ఒక్కటే. ఆ మార్పు పని తెలిసినవానికి సహజముగా తోచునదా, కాదా? దీనిని న్యాయవాదులకే వదలివేయుట మన వృత్తికి మంచిది కాదని మా అభిప్రాయము.

మీర్జాపురపు పాత్రల తగవు మనమెరుగదగినది. లేతుపై పాత్రలు తయారుచేయు పద్ధతికి అచ్చటి సంస్థ యొకటి 1951 నుండి వర్తించునట్లు పేటెంటు పొందినది. అంతకుముందు, తిరుగుచున్న పాత్ర ఎగిరిపడి పనివారికి ప్రమాదము కలుగుచుండెడిది. పాత్రను వెనుకనుండి ఒక మొనతో నొక్కిపట్టు ఏర్పాటు తమదని వారి వాదము. 1978లో సుప్రీంకోర్టు ఆ పేటెంటు చెల్లదని తీర్పు చెప్పినది. ఏర్పాటు ఉపయోగకరమైనదే. కాని అట్టి మొన లేతు పనివారికి ముందే తెలిసినది. కార్ఖానాలో నేర్పరి చేసికొను సవరణ వేరు, కొత్త కల్పన వేరు.

అట్లని, సులువుగా కనిపించు ప్రతిదానిని తెలిసినదే అని త్రోసివేయరాదు. ఆలేరు ప్రాంతమున చింతకింది మల్లేశముగారు 1999లో ఆసు యంత్రమును రూపొందించిరి. దానికి పేటెంటును లభించినది. నేడు చూచినవారు ఇంతేనా అనవచ్చును. కాని మన తల్లులు ఒక్కొక్క చీరకు గంటల తరబడి చేయి ఆడించి, భుజములు నొచ్చునట్లు ఆసు పోసిరి గదా! అంత తేలికైనచో అన్నేండ్లు ఆ బాధ ఎందుకు తీరలేదు? చూచిన పిదప అంతయు తేలికయే. చూడకమునుపు తోచెనా అన్నదే సరియైన కొలబద్ద.

ఆ కొలత వేయగలవాడు మగ్గమెరిగిన మనిషియే. 1970 నాటి పేటెంటు చట్టము 25వ సెక్షను ప్రకారము, దరఖాస్తు ప్రకటింపబడిన తరువాత, పేటెంటు ఇయ్యకమునుపు, ఎవరైనను ఆక్షేపణ వ్రాసి పంపవచ్చును. ఇచ్చినట్లు ప్రకటించిన ఏడాదిలోగా సంబంధమున్నవారు ఎదిరింపవచ్చును. పరంపరగా వచ్చు విద్యకు పేటెంటు లేదని 3వ సెక్షను చెప్పుచున్నది. అయితే, మా తాతల నాటినుండి ఎరుగుదుమన్న మాట ఒక్కటే చాలదు, సాక్ష్యము కావలెను. మన విద్య చాలవరకు చేతులలోనున్నది, కాగితముమీద లేదు.

కావున షోలాపూరులోనున్నను, యానాములోనున్నను, మనవారు ప్రతి ఊర నొక పుస్తకము పెట్టవలెను. వాడుకలోనున్న పనిముట్ల బొమ్మ, కొలతలు, తేదీ, పెద్దల సంతకములు అందు చేర్చి, వానిని అచ్చువేయించవలెను. నిజముగా కొత్త కల్పన చేసినవారు మాత్రము దరఖాస్తు వేయకమునుపు దానిని నలుగురిలో ప్రదర్శింపరాదు. ప్రదర్శించినచో కొత్తదనము పోయెనని త్రోసివేయవచ్చును. తెలిసినదానిని వ్రాసియుంచుట, కొత్తదానిని కాపాడుకొనుట, ఈ రెండును మన పనులే. సోదరులు ఈ నెలలోనే ప్రారంభింపగోరుచున్నాము.