ఊర్కొండకు ఎమ్మెల్యే ఎవరు?

జడ్చర్లలో జిరాక్స్ దుకాణం పెట్టుకుని దరఖాస్తులు రాసిస్తుంటాను. ముఖ్యమంత్రి సహాయనిధి దరఖాస్తు అంటే ఆస్పత్రి బిల్లులతోపాటు ఎమ్మెల్యే సిఫారసు లెటర్ కావాలి. ఊర్కొండపేట నుంచి వచ్చిన పెద్దమ్మ అడిగింది: "మా జిల్లా నాగర్‌కర్నూల్ గద బిడ్డా, ఎమ్మెల్యే గూడ ఆడనే ఉంటడా?"

ఉండడు. 2016లో కొత్త జిల్లాలు వచ్చినప్పుడు ఊర్కొండ మండలం నాగర్‌కర్నూల్‌లో కలిసింది. నియోజకవర్గాల హద్దులు మాత్రం 2008 పునర్విభజన నాటివే. కలెక్టర్ నాగర్‌కర్నూల్‌లో, ఎమ్మెల్యే జడ్చర్లలో, ఓటేసేది మహబూబ్‌నగర్ ఎంపీకి. ఈ సంగతి మండలాఫీసు గోడమీద రాసి ఉంటే ఆ ముసలామె రెండు బస్సులు మారాల్సిన పని లేదు.

2023 డిసెంబరులో ఇక్కడ లక్ష్మారెడ్డి ఓడి అనిరుధ్ రెడ్డి గెలిచారు. అయినా ఒక ఆఫీసు బోర్డుమీద పాత పేరు చాన్నాళ్లు అట్లనే ఉంది. పోటీ పరీక్షల పిల్లలు జిరాక్సుకు తెచ్చే నోట్సుల్లో ఇప్పటికీ 'అసెంబ్లీ సభ్యులు 120' అనే ఉంటోంది. ఆంగ్లో ఇండియన్ నామినేషన్ 2020 జనవరితో పోయింది, ఉన్నవి 119.

ఆ 119 కూడా కదలకుండా ఉండవు. సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో గెలిచిన లాస్య నందిత 2024 ఫిబ్రవరిలో రోడ్డు ప్రమాదంలో చనిపోయారు, జూన్‌లో ఉప ఎన్నికలో గెలిచి శ్రీగణేశ్ వచ్చారు. మాగంటి గోపీనాథ్ 2025 జూన్‌లో పోతే జూబ్లీహిల్స్‌కు నవంబరు దాకా ఎమ్మెల్యే లేరు. అన్ని నెలలూ ఎమ్మెల్యేల జాబితాలో 'ఖాళీ' అని తేదీతో ఉండాలి. పాత పేరు చెరిపేయొద్దు, ఏ రోజు దాకా ఉన్నారో పక్కన రాయాలి.

పార్టీ గడి దగ్గరే అసలు తిప్పలు. బీఆర్ఎస్ గుర్తుమీద గెలిచిన పదిమంది కాంగ్రెస్ వైపు పోయారని ఫిర్యాదులు పోతే, మూడు నెలల్లో తేల్చమని 2025 జులై 31న సుప్రీంకోర్టు స్పీకర్‌కు చెప్పింది. జాబితా రాసేవాళ్లకు తీర్పులివ్వాల్సిన పని లేదు. ఏ గుర్తుమీద గెలిచారో ఒక గడిలో, స్పీకర్ ఏ తేదీన ఏం తేల్చారో ఇంకో గడిలో పెడితే చాలు.

సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం ఆఫీసులు తమ వివరాలు తామే బయటపెట్టాలి, ఏటా సరిచూడాలి. ఎమ్మెల్యేల విషయంలో ఏడాది చాలా ఎక్కువ, వారం చాలు. ప్రతి తహసీల్దార్ ఆఫీసులో ఎమ్మెల్యే, ఎంపీ, ఎమ్మెల్సీల పేర్లతో ఒక కాగితం అంటించాలి. కింద తేదీ, సరిచూసిన ఉద్యోగి సంతకం ఉండాలి.