దింపు ఆగని తోట

ఇంగ్లండులో దొరల బంగళాలు చాలా ఇప్పుడు హోటళ్లయ్యాయి. థేమ్స్ ఒడ్డున ఆస్టర్ కుటుంబానికి చెందిన క్లివ్‌డెన్ 1942లో నేషనల్ ట్రస్టు చేతికి వెళ్లింది. 1985 తర్వాత హోటలైంది. అలాంటి చోట దిగేవాళ్లు గదితోపాటు కిటికీ అవతలి తోటకూ కలిపే డబ్బు కడతారు. ఆ పచ్చిక, ఆ చెట్ల గుంపులు దేవుడు పెట్టినట్టే కనిపిస్తాయి గానీ, చాలావరకు 18వ శతాబ్దంలో లాన్సెలాట్ బ్రౌన్ వంటి తోట రూపకర్తల పనితనం. బ్లెన్‌హైమ్ ప్యాలెస్ తోటలోని పెద్ద చెరువు గ్లైమ్ అనే ఏటికి అడ్డుకట్ట వేసి చేసిందే. మిల్టన్ అబ్బాస్‌లోనైతే దొరగారి చూపుకు అడ్డమని ఊరినే లేపి పక్కకు నెట్టారు.

మన కోనసీమ తోటలకు నీళ్లిచ్చిందీ ఇంగ్లీషువాడి కట్టడమే. కాకపోతే 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టను పంట కోసం కట్టాడు ఇంజనీరు ఆర్థర్ కాటన్. అందుకే ఇక్కడ కొబ్బరి నీడలో అరటి, కంద, కోకో, పోక. వాటి నడుమ మండువా లోగిలి. చూడ్డానికి పెంచిన తోట కాదిది, ఇల్లు గడవడానికి పెంచింది. అందం దానంతటదే వచ్చింది.

దిండిలో వశిష్ఠ ఒడ్డున రిసార్టులు వెలిశాయి, రాజోలు వైపు తోటల్లో అతిథి గదులూ కడుతున్నారు. సంక్రాంతికి గది దొరకడమే కష్టం. సంతోషమే. భయమల్లా, అతిథి కళ్లకు ఇంపుగా ఉండాలని కంద పీకేసి లాన్ పరుస్తారేమోనని; డొక్కల గుట్ట ఫొటోకు అడ్డమని తోట పనినే దాచేస్తారేమోనని. ఎంత పెద్ద రిసార్టయినా ఒకటి మాత్రం దాచలేదు: నెత్తిన కాయ పడకూడదంటే చెట్టెక్కి కాయలు దించే దింపు కార్మికుణ్ణి పిలవాల్సిందే. ఆయన కొడుకు చెట్టెక్కడానికి ఇష్టపడటం లేదన్నది వేరే సంగతి, రిసార్టువాళ్లు కూడా పట్టించుకోవాల్సిన సంగతి.

1996 నవంబరు తుపానుకు కోనసీమలో తోటలకు తోటలే నేలకొరిగాయి. ఇవాళ మనం ఊయల కట్టుకునే చెట్లలో ఎన్నో ఆ తర్వాత రైతు అప్పు చేసి నాటినవి. మళ్లీ కాపు చూడటానికి ఏళ్లు పట్టింది, ఆ ఏళ్లలో పర్యాటకులెవరూ రాలేదు.

అంబాజీపేటలో కాయ ధర పడిపోయిన ఏడాది తోటను నిలబెట్టేది బహుశా గది అద్దే. ఆ అద్దెలో ఒక వాటా దింపు కూలికీ, చెట్టు పోయిన చోట కొత్త మొక్కకీ కేటాయించి, ఆ మాట గది బయట బోర్డు మీద రాస్తే ఏ అతిథీ కాదనడు.