గండిపేట నీళ్ళు

గండిపేట నీళ్ళు తాగినవాడు హైదరాబాదు వదిలిపోడని మా ఊళ్ళో ఓ మాట. నేను తాగాను, వదిలి వచ్చాను కూడా. పాతికేళ్ళయింది. ఎప్పుడు వెళ్ళినా మా మేనత్త నవ్వుతూ అనేది ఒకటే: "నువ్వు సరిగ్గ తాగలేదు బిడ్డా!"

మన తరానికి గండిపేట అంటే పిక్నిక్. పులిహోర డబ్బాలు, చాపలు, కట్టమీద షికారు. ఆ కట్ట ఎందుకు పుట్టిందో ఆ రోజుల్లో నేనెన్నడూ అడగలేదు.

1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరదలో సుమారు 15,000 మంది చనిపోయారని అంచనా. అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టు ఎక్కి 150 మందికి పైగా బతికారు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్నది ఆ చెట్టే. మర్నాటి ఏడాది నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించింది. ఆయన నగరాన్ని చూసి ఊరుకోలేదు, ఎగువకు వెళ్ళి లెక్క తీశారు. మూసీ పరీవాహకంలో 788 చెరువులుంటే, వాటిలో 221 తెగాయి. ఒకటి తెగి కింది దానిమీద పడటం, అదీ తెగడం! ఊరికి పైన రెండు పెద్ద జలాశయాలు కట్టి వరదను అక్కడే పట్టుకోవాలని ఆయన సలహా. అలా మూసీమీద గండిపేట దగ్గర ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీమీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఊరిని కాపాడటానికి కట్టినవే ఊరి దాహమూ తీర్చాయి.

తర్వాత ఊరు పెరిగింది. మంజీర వచ్చింది, 2004లో కృష్ణ, 2015లో గోదావరి. ఇవాళ నగరం తాగే నీళ్ళలో గండిపేట వాటా కొంచెమే. సామెత తిరగరాయాలంటే నాలుగు నదుల పేర్లు చెప్పాలి!

ఇక నా సంగతి. పదిహేనేళ్ళ క్రితం నగరం శివార్లలో స్థలం కొని ఇల్లు కట్టించాను. అమ్మినాయన చెరువు వైపు గాలి బాగుంటుందన్నాడు. నేను ఇక్కణ్ణుంచి ఫోటోలు చూసి సంతోషపడ్డాను. ఆ ఇంట్లో మేనత్త ఉండేది. 2020 అక్టోబరు 13 రాత్రి కుండపోత వాన. పాతబస్తీ వైపు పల్లెచెరువు తెగిన వార్తలు టీవీలో చూస్తూ ఫోను చేస్తే, పక్కింటి పిల్లలు ఆమెను డాబామీదికి మోసుకెళ్ళారని తెలిసింది. రెండు రోజులకు మాట్లాడింది. "చెరువు మనింటికి రాలే బిడ్డా. మనమే దానింట్ల ఇల్లు కట్టుకున్నం."

తర్వాత పాత రికార్డులు తీయిస్తే, మా వీధిలో సగం శిఖం భూమి. అంటే చెరువు కడుపు. ఆ కాగితం కొనకముందే చూడొచ్చు. నేను అడగలేదు. మనలో స్థలం కొనాలనుకునేవాళ్ళు దయచేసి అడగండి. గ్రామ నక్షాలో చెరువు ఎక్కడుందో, నిండితే నీళ్ళు ఎందాకా వస్తాయో చూశాకే డబ్బు పంపండి.

మేనత్త ఇప్పుడు మా తమ్ముడింట్లో, మూడో అంతస్తులో ఉంటోంది. ఇల్లు ఖాళీగా ఉంది. అమ్మేయమని అందరూ అంటున్నారు, మంచి ధర వస్తుందిట. ఆమె మాత్రం ఒకటే అడిగింది: "కొనేటోళ్ళకు చెప్తవా మరి?"

చెప్తే ఎవరూ కొనరు. చెప్పకుండా అమ్మడానికి నాకు చేతులు రావడం లేదు.