యానాం సందు



1930 ఏప్రిల్ 1న శారదా చట్టం అమలులోకి వచ్చింది. 14 ఏళ్లు నిండని ఆడపిల్లకు పెళ్లి చేయడం నేరమైంది. గోదావరి జిల్లాల పెద్దలు దానికో సందు వెతుక్కున్నారు. యానాం ఫ్రెంచివారి ఏలుబడిలో ఉంది, బ్రిటిషు చట్టం అక్కడ చెల్లదు. పిల్లల్ని తీసుకెళ్లి పెళ్లి జరిపించి తిరిగొచ్చేవారు. ఊరికి కళ్యాణపురం అన్న పేరు కూడా పడింది. ఎంత ముచ్చటైన పేరో!

ఆ సందు మూసుకుపోయింది. 2006 బాల్యవివాహ నిషేధ చట్టం భారత పౌరులు దేశం దాటినా వదలదు. పుదుచ్చేరి రెనాన్సెంట్లకు, అంటే ఫ్రెంచి సివిల్ కోడ్ కిందికి వెళ్లిన కుటుంబాలకు, మినహాయింపు ఉంచారు. అది కూడా ఉండకూడదని మా అభిప్రాయం.

మరి మన సంఘాల సంగతి? "ముందు ప్రార్థన చేసి జతపరచండి పాస్టరుగారూ, రిజిస్టరు తర్వాత చూద్దాం" అంటారు. వధువుకు 18, వరునికి 21 నిండకుండా పెళ్లి జరిపిస్తే రెండేళ్ల వరకు కఠిన జైలుశిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా. జరిపించినవారంటే పాస్టరుగారు కూడా. రిజిస్టరులో రాయలేదన్న సాకు పనికిరాదు. వివాహ ప్రకటన చదవకముందే పుట్టినతేదీ పత్రం అడగాలి, ఎంత పెద్ద కానుక ఇచ్చే కుటుంబమైనా సరే.

ఇప్పటికే అలా పెళ్లయిన అమ్మాయి 20 ఏళ్లు నిండేలోగా జిల్లా కోర్టులో దాన్ని రద్దు చేయించుకోవచ్చు. మళ్లీ పెళ్లయ్యేవరకు భరణం ఇప్పించే అధికారం కోర్టుకుంది. పుట్టిన బిడ్డ చట్టబద్ధమైన బిడ్డే. జరగబోయే పెళ్లి సంగతి తెలిస్తే 1098కి ఫోను చేయండి.