మనవరాలి రంగు కాదు, కనురెప్ప చూడండి

ఎండాకాలం మొదట్లో ఒక పెద్దావిడ మనవరాలిని వెంటబెట్టుకుని ఓపీకి వచ్చింది. గాజువాక దగ్గర ఊరు. అమ్మాయికి ఇరవై రెండేళ్లు. పొద్దున లేచేసరికి ముఖం ఉబ్బుతోంది, సాయంత్రానికి పాదాలు వాస్తున్నాయి. మూత్రం నురగగా వస్తోందా అని అడిగితే అవునంది. పరీక్ష చేయిస్తే మూత్రంలో ప్రొటీన్ బాగా పోతోంది. షుగరు లేదు, బీపీ లేదు. మందులేమైనా వాడుతున్నావా అంటే లేదంది. ముఖానికి ఏమైనా రాస్తున్నావా అన్నాను. తల దించుకుంది. పెద్దావిడే సంచిలోంచి చిన్న డబ్బా తీసి బల్ల మీద పెట్టింది. తయారుచేసిన వారి పేరు లేదు. అందులో ఏముందో రాసి లేదు.

"రెండు సంబంధాలు ఎనక్కెల్లిపోనాయి డాక్టరమ్మా. గుంట నలుపన్నారు. నా పింఛను డబ్బులెట్టి నేనే కొన్నాను" అంది.

ఇలాంటి మాట విన్నప్పుడల్లా నాకు మరో మనవరాలు గుర్తొస్తుంది. నీనా దావులూరి. తల్లిదండ్రులు విజయవాడ నుంచి అమెరికా వలస వెళ్లినవారు. నీనా అక్కడే పుట్టినా, పసికందుగా ఉన్నప్పుడే విజయవాడ తీసుకొచ్చారు. రెండున్నరేళ్ల వరకు బామ్మ దగ్గర పెరిగి మళ్లీ అమెరికా వెళ్లింది. 2013 సెప్టెంబరులో మిస్ అమెరికా కిరీటం గెలిచింది. భారతీయ మూలాలున్న అమ్మాయికి ఆ కిరీటం దక్కడం అదే మొదటిసారి. ఆ రాత్రే సోషల్ మీడియాలో ఆమెను ఉగ్రవాది అంటూ తిట్టినవాళ్లున్నారు. ఇక్కడ మనవాళ్లు వేసిన ప్రశ్న వేరు. ఇదే రంగుతో మన దేశంలో అందాల పోటీకి వెళ్తే ఈ అమ్మాయి గెలిచేదా? అడగాల్సిన ప్రశ్నే. జవాబు అందరికీ తెలుసు.

ఆ తర్వాత నీనా కాలేజీ వేదికలెక్కి వివక్ష గురించి, చర్మం రంగు గురించి మాట్లాడుతూ వచ్చింది. తాను ఒకప్పుడు బులిమియాతో బాధపడ్డానని కూడా దాచుకోకుండా చెప్పింది. బరువు పెరుగుతామన్న భయంతో, తిన్నది బలవంతంగా కక్కేసుకునే జబ్బది. పళ్ల మీది ఎనామిల్ అరిగిపోతుంది. పొటాషియం పడిపోయి గుండె లయ తప్పుతుంది. కిరీటం పెట్టుకున్న అమ్మాయికే తన ఒంటితో అంత పోరాటం ఉంటే, మన ఇళ్లలోని ఆడపిల్లల సంగతి ఊహించుకోవచ్చు.

విజయవాడలో నీనాను మనవరాలిగా చెప్పుకున్న పెద్దావిడ వేగె కోటేశ్వరమ్మ. మాంటిస్సోరి విద్యాసంస్థలు పెట్టి ఆడపిల్లల చదువు కోసం జీవితం ధారపోశారు. 2017లో పద్మశ్రీ అందుకున్నారు. 2019లో కన్నుమూశారు. ఆడపిల్లను చూడగానే ఆ తరంలో చాలామందికి పెళ్లి గుర్తొస్తే, ఆమెకు బడి గుర్తొచ్చింది.

మన కాలేజీల్లో ఇప్పుడు స్ఫూర్తి ప్రసంగాలకు కొదవ లేదు. 'నిన్ను నువ్వు ప్రేమించుకో' అని వక్త గంటసేపు చెబుతారు, పిల్లలు చప్పట్లు కొడతారు. అవి వృథా అనను. ఇంట్లో ఆ మాట చెప్పే దిక్కులేని పిల్లకు అదే ఆసరా కావచ్చు. కానీ ఆ గంట ప్రసంగం తలపడాల్సింది ఇరవై ఏళ్ల ఇంటి మాటతో. "ఎండలో ఆడకు, నల్లబడతావు." "అక్క రంగు నీకు రాలేదే." "కాస్త తెల్లగా ఉంటే కట్నం తగ్గేది." ఈ మాటలు చెడ్డవాళ్లు అనరు. ప్రాణంగా పెంచినవాళ్లే అంటారు. అందుకే అవి లోపలికి దిగిపోతాయి. పిల్ల డబ్బా మూత తీసేది ఆ తర్వాతే.

ఆ డబ్బాల్లో ఏముంటుందో వైద్యుడిగా చెప్పాలి. లేబుల్ సరిగా లేని కొన్ని క్రీముల్లో పాదరసం కలుపుతారు. అది మెలనిన్ తయారీని అడ్డుకుంటుంది కాబట్టి ముఖం తెల్లబడినట్టే ఉంటుంది. అదే పాదరసం చర్మంలోంచి రక్తంలోకి, అక్కడి నుంచి మూత్రపిండాలకు చేరుతుంది. 2023లో కేరళ మలప్పురం జిల్లా వైద్యులు ఇలాంటి క్రీములు వాడినవారిలో మూత్రపిండాల జబ్బును గుర్తించి బయటపెట్టారు. చాలామందికి క్రీమ్ మానేశాక తగ్గుముఖం పట్టింది. మన దేశ నిబంధనల ప్రకారం ముఖానికి రాసే క్రీముల్లో పాదరసం కావాలని కలపకూడదు, పొరపాటున చేరినా పది లక్షల్లో ఒక వంతు మించకూడదు.

రెండో ప్రమాదం స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్లు. దురద లాంటి చర్మ సమస్యకు కొన్నాళ్లు వాడాల్సిన ట్యూబును తెల్లబడతామని నెలల తరబడి ముఖానికి రాస్తారు. మొదట మెరుపు వస్తుంది. తర్వాత చర్మం పలచబడి ఎర్రబారుతుంది, మొటిమలు లేస్తాయి, వెంట్రుకలు మొలుస్తాయి. మానేస్తే మంట. అందుకని మళ్లీ రాస్తారు. డాక్టరు చీటీ లేకుండా వీటిని అమ్మకూడదని 2018లోనే కేంద్రం నిబంధన మార్చింది. అయినా చాలామంది చేతికి చీటీ లేకుండానే వస్తున్నాయి. నెలల తరబడి వాడుతున్నవారు భయపడి ఒక్కసారిగా మానేయకండి. ట్యూబు పట్టుకుని చర్మవైద్యులను కలవండి.

2020లో ఒక పెద్ద కంపెనీ తన క్రీమ్ పేరులోంచి 'ఫెయిర్' అన్న మాట తీసేసింది. ఆ మార్పు కోసం గొంతెత్తినవారిలో నీనా కూడా ఉంది. డబ్బా మీద పేరు మారింది సరే. పెళ్లిచూపుల్లో మాట మారిందా?

మన దగ్గర 'నలుపు నారాయణ మెచ్చు' అన్న సామెత ఉంది. దానికి వైద్యం కూడా ఒప్పుకుంటుంది. నలుపునిచ్చే మెలనిన్ ఎండలోని అతినీలలోహిత కిరణాల నుంచి చర్మాన్ని కాపాడే గొడుగు. విశాఖ లాంటి ఊళ్లో, చేపలరేవులోనో నిర్మాణ పనుల్లోనో రోజంతా ఎండలో నిలబడేవారికి అది జబ్బు కాదు, రక్షణ.

నిజానికి భయపడాల్సింది తెలుపును చూసి. "మా అమ్మాయి ఈమధ్య తెల్లబడింది" అని మురిసిపోతూ తెచ్చిన పిల్లకు హిమోగ్లోబిన్ ఏడు ఉన్న రోజులున్నాయి. అది రంగు కాదు, రక్తం లేక పాలిపోవడం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో దాదాపు 59 శాతం మందికి రక్తహీనత ఉంది.

అందుకే అమ్మమ్మలకు, నాయనమ్మలకు నా మనవి. మీ మాటకున్న బలం మా మందుచీటీకి లేదు. మనవరాలి బుగ్గ రంగు చూడటం మాని, కింది కనురెప్ప కాస్త లాగి లోపల చూడండి. ఎర్రగా ఉండాల్సింది తెల్లగా ఉంటే రక్తపరీక్షకు తీసుకురండి. అన్నం తిన్న వెంటనే ప్రతిసారీ బాత్రూమ్‌లోకి వెళ్తుంటే కసరకుండా పక్కన కూర్చోబెట్టుకుని అడగండి. పేరు ఊరు లేని క్రీమ్ ఇంట్లో ఉంటే వాడకం ఆపించండి. ముఖం ఉబ్బినా, మూత్రం నురగగా వచ్చినా డబ్బాతో సహా ఆస్పత్రికి రండి.

గాజువాక అమ్మాయి మూత్రంలో పాదరసం ఎక్కువగా ఉన్నట్టు తేలింది. క్రీమ్ మానేసి, మూత్రపిండాల విభాగంలో చికిత్స తీసుకుంటోంది. మూడు నెలల్లో ప్రొటీన్ సగానికి తగ్గింది. కిందటి వారం చూపించుకోడానికి వచ్చారు. మరో సంబంధం వాళ్లు ఫొటో పంపమన్నారట. ఫోనులో రంగు తేల్చి పంపుదామని పక్కింటావిడ అంటే, పెద్దావిడ ఒప్పుకోలేదట.

"ఉన్నదున్నట్టు పంపీసినాను డాక్టరమ్మా. నచ్చితే వస్తారు, నేకపోతే నేదు" అంది. అమ్మాయి నవ్వింది. ముఖంలో వాపు చాలావరకు తగ్గింది.