హిజాబ్ తీయమనే ముందు

అరెస్టయిన ముస్లిం మహిళ చేత హిజాబ్ తీయించి ఫొటో తీయడం స్టేషన్ సిబ్బందికి రెండు నిమిషాల పని. పరాయి మగవాళ్ల కంట తన జుట్టు పడకుండా జీవితమంతా చూసుకున్న మనిషికి మాత్రం అది నలుగురిలో బట్టలు లాగేసినంత అవమానం. నేరం రుజువు కాకముందే పడే శిక్ష అది. ఏ న్యాయమూర్తీ వేయని శిక్ష.

ఈ సంగతి న్యూయార్క్ నగరానికి కోర్టు మెట్లెక్కితే గానీ తలకెక్కలేదు. 2017లో ఇద్దరు మహిళల చేత పోలీసులు హిజాబ్ తీయించి ఫొటోలు తీశారు. మగ పోలీసులు, మగ ఖైదీలు చూస్తుండగానే తీశారని వాళ్లలో ఒకరి ఫిర్యాదు. మరుసటేడు ఇద్దరూ దావా వేశారు. ముఖం స్పష్టంగా కనిపిస్తే తల మీద బట్ట ఉండొచ్చని 2020లో అక్కడి పోలీసు శాఖ నియమం మార్చుకుంది. ఇలాంటి అనుభవమే ఎదురైన వేలమందికి పరిహారంగా కోటీ 75 లక్షల డాలర్లు ఇవ్వడానికి 2024 ఏప్రిల్‌లో నగరం ఒప్పుకుంది.

మన దగ్గర? 1920 నాటి ఖైదీల గుర్తింపు చట్టం స్థానంలో 2022లో కొత్త చట్టం వచ్చింది. వేలిముద్రలు, అరచేతి ముద్రలు, కనుపాప, ఫొటో అన్నీ తీసుకోవచ్చు. హెడ్ కానిస్టేబుల్‌కు కూడా ఆ అధికారం ఉంది. కాదంటే ప్రభుత్వోద్యోగి విధులకు అడ్డుపడ్డారని మరో కేసు. ఆ రికార్డు జాతీయ నేర రికార్డుల బ్యూరోలో 75 ఏళ్లు ఉంటుంది. ఇంత వివరంగా రాసిన చట్టంలో తల మీది బట్ట ఊసే లేదు. మహిళను సోదా చేయాలంటే మరో మహిళే, మర్యాదకు భంగం రాకుండా చేయాలని మన క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ ఏనాడో చెప్పింది. సోదాకు అక్కరకొచ్చిన మర్యాద ఫొటోకు ఎందుకు అక్కర్లేదు?

వినగడప లాంటి పల్లెలో ఒక ఆడమనిషి మీద కేసు పడిందనుకోండి. గంపలగూడెం స్టేషన్‌లో ఆమె పక్కన లాయరు ఉండడు. కెమెరా పట్టుకున్నాయన ఏం చెబితే అదే ఆమెకు చట్టం. ముస్లిం మహిళలనే కాదు, తల మీద కొంగు జారనివ్వని పెద్దావిడకైనా, తండా నుంచి వచ్చిన లంబాడీ అవ్వకైనా అదే గతి. తలపాగా తీయమంటే సిక్కు సోదరుడి పరిస్థితీ అంతే.

హైదరాబాద్‌లో 2021 లాక్‌డౌన్ రోజుల్లో ఒక సామాజిక కార్యకర్తను పోలీసులు నడిరోడ్డు మీద ఆపి, కరోనా మాస్కు తీయమని అడిగి ఫొటో తీశారు. ఏ చట్టం ప్రకారం తీశారని ఆయన తెలంగాణ హైకోర్టుకు వెళ్లారు. అది మతానికి సంబంధించిన ముసుగు కాదు. కానీ ప్రశ్న అదే: ముఖం చూపించమనే అధికారం ఎవరిది, ఎక్కడిదాకా? 2024 మే 13న పోలింగ్ రోజున పాతబస్తీలో ఒక అభ్యర్థి బురఖా మహిళల ముఖాలు తానే పరిశీలిస్తే కేసు నమోదైంది. పరదా పాటించే ఓటర్లను గుర్తించడానికి మహిళా సిబ్బందిని పెట్టే పద్ధతి ఎన్నికల సంఘానికి ఎప్పటినుంచో ఉంది.

నిందితులు ఎవరో తేల్చుకోవాల్సిన అవసరం పోలీసులకు ఉంది, కాదనను. నికాబ్ అడ్డుంటే ముఖం చూపించాల్సిందే. అయితే జుట్టు చూడాల్సిన పని ఏముంది? మన పాస్‌పోర్టు ఫొటోకే మతపరమైన తలగుడ్డను అనుమతిస్తున్నారు, గడ్డం నుంచి నుదుటి దాకా ముఖం కనిపిస్తే చాలు. దేశాలు దాటించే ఫొటోకు సరిపోయినది స్టేషన్ ఫొటోకు సరిపోదా? ప్రెస్‌మీట్లలో నిందితులను వరసగా నిలబెట్టి ముఖాలకు ముసుగులు తొడిగేది కూడా మన పోలీసులే. పరువు అనేది ఒకటుందని వాళ్లకు తెలియదని నేనెలా నమ్మను?

పార్లమెంటు దాకా పోనక్కర్లేదు. మన డీజీపీ ఒక సర్క్యులర్ ఇస్తే సరిపోతుంది. ముఖం కనిపిస్తున్నంతవరకూ తల మీది బట్ట తీయించకూడదు. తల మీది గాయమో మచ్చో నమోదు చేయాల్సి వస్తే కారణం రాయాలి, తలుపు మూసిన గదిలో మహిళా పోలీసే తీయాలి, ఆ ఫొటో ఎవరు చూశారో రికార్డులో ఉండాలి. ఆ కాగితాన్ని తెలుగులో అచ్చువేసి, నిందితులకు కనిపించేలా ప్రతి స్టేషన్ గోడకూ అంటించాలి.