అరటిబోదె, గుప్పెడు పత్తి, ఓ ఆదివారం

గెల కోశాక అరటిబోదెతో రైతుకు పని తీరిపోతుంది. ఒక బోదె ఒక్క గెలే వేస్తుంది కాబట్టి దాన్ని నరికి గట్టున పడేసి, పక్కన లేస్తున్న పిలకకు చోటిస్తాడు. కార్తీకమాసం చివరికొచ్చిందంటే మాత్రం తెనాలి చుట్టుపక్కల ఆ బోదెలకు గిరాకీ మొదలవుతుంది. కొల్లిపర వైపు తోటల్లోకి వెళ్లి ‘రెండు బోదెలు పట్టుకెళ్తాం బాబాయ్’ అని అడిగితే కాదనే రైతు అరుదు.

ఈ హడావిడంతా పోలి పాడ్యమి కోసం. కార్తీక అమావాస్య మర్నాడు, తెల్లవారకముందే అరటి డొప్పల్లో వత్తులు వెలిగించి నీళ్లలో వదిలే రోజది. ఊరి మధ్యనుంచి మూడు కాలువలు పారుతూ ఆంధ్రా ప్యారిస్ అనిపించుకున్న తెనాలిలో అందుకోసం దూరం పోవాల్సిన పనిలేదు. మెట్లు దిగితే నీళ్లే. బెజవాడ దగ్గర 1855లో ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాకు వచ్చిన కృష్ణమ్మే ఇక్కడ గుమ్మం ముందుకొచ్చి దీపాలు అందుకుంటుంది.

నలుగురు కలిస్తే నలభై డొప్పలు

డొప్ప చేయడం పెద్ద విద్యేం కాదు. కానీ చేయి తిరిగినవాళ్లు పక్కనుంటే సగం బోదె వృథా కాకుండా ఉంటుంది. ముందు పైనున్న ఎండిన పొరలు తీసేయాలి. లోపలి తెల్లటి పట్టలు ఒక్కొక్కటే చిట్లకుండా ఒలవాలి. వాటిని జానెడు పొడుగు ముక్కలుగా కోస్తే, పుట్టుకతోనే వంపు ఉంటుంది కాబట్టి పడవ ఆకారం దానంతటదే వస్తుంది. రెండు కొసలనూ కొద్దిగా లోపలికి మడిచి కొబ్బరి ఈనెతో గుచ్చితే సరి. ఎందుకు మునగదో పిల్లలకు చూపించాలంటే ఒక ముక్కను అడ్డంగా కోయండి. తేనెపట్టులా గదులు గదులుగా కనిపిస్తుంది. ఆ గదుల్లో ఉన్నది గాలి.

వత్తుల పని ముందురోజే మొదలుపెట్టాలి. పత్తిలో గింజ, నలుసు లేకుండా ఏరి, పొడుగ్గా లాగి, వేళ్లకు కాస్త విభూది అద్దుకుని అరచేతుల మధ్య నలిపితే వత్తి గట్టిగా వస్తుంది. రాత్రంతా నేతిలో నానితే కాలువ గాలికి తొందరగా ఆరిపోదు. కార్తీక పౌర్ణమికి 365 వత్తుల కట్ట వెలిగించే ఇళ్లలో ఈ పని నెల ముందునుంచే టీవీ సీరియల్‌తో పాటు సాగిపోతుంటుంది.

బోదె మధ్యలో మిగిలేది దూట. దాన్ని పారేయకండి. చక్రాలుగా తరిగి, వేలికి చుట్టుకుంటూ పీచు తీసేసి, నల్లబడకుండా మజ్జిగ నీళ్లలో వేసి ఉంచండి. ఆవపెట్టి వండితే మర్నాటి పొద్దుటి పులిహోరకు అదే తోడు.

అంగట్లో ఇప్పుడు థర్మోకోల్ పళ్లేల్లో, ప్లాస్టిక్ ప్రమిదల్లో రెడీమేడ్ దీపాలు దొరుకుతున్నాయి. కొనుక్కోవడం సులువే. అయితే అరటి డొప్ప నీళ్లలోనే కుళ్లి కలిసిపోతుంది. థర్మోకోల్ పళ్లెం మాత్రం ఎక్కడో తూము దగ్గర పేరుకుని కూర్చుంటుంది. ఆ తూము కింద ఎవరిదో చేను ఉంటుంది.

పోలిని ఇంట్లో వదిలేసినందుకే

ఆ రోజు చెప్పుకునే కథ అందరికీ తెలిసిందే. అత్తగారు పెద్ద కోడళ్లందర్నీ వెంటబెట్టుకుని ఏటికి స్నానానికి పోతుంది. చిన్న కోడలు పోలిని మాత్రం ఇంటిపనికి వదిలేస్తుంది. దీపం పెట్టుకోవడానికి నూనె, వత్తి కూడా మిగల్చదు. పోలి పెరట్లో పత్తిచెట్టు కింద రాలిన దూది ఏరుకుంటుంది. కవ్వానికి అంటిన వెన్న గీసి తీస్తుంది. దాంతో వెలిగించిన దీపం ఎవరికంటా పడకుండా బుట్ట బోర్లిస్తుంది. చివరికి విమానం వచ్చింది ఆమె కోసమే.

భక్తి సంగతి అలా ఉంచితే ఈ కథలో రెండు మాటలున్నాయి. చేతిపనికి కొత్త సరుకు కొననక్కర్లేదు, పనయ్యాక మిగిలింది చాలు అన్నది మొదటిది. రెండోది కాస్త గుచ్చుకునే మాట. అందరూ కలిసి బయల్దేరినప్పుడు ఇంట్లో ఎవరిని వదిలి వెళ్తున్నామో చూసుకోమంటుంది.

ఈ రోజుల్లో పోలి ఎవరు? కుర్రకారు ఆదివారం పొద్దున్నే బైకుల మీద సూర్యలంక వెళ్లిపోతారు. డొప్ప ఒలవడం తెలిసిన నాయనమ్మ ఇంట్లో గ్యాస్ సిలిండర్ వాడి కోసం ఎదురుచూస్తూ ఉండిపోతుంది. కారులో చోటు చాలదని, పెద్దావిడ మోకాళ్లు సహకరించవని, దారిలో ఆగాల్సి వస్తుందని ఏవో కారణాలు దొరుకుతాయి. ఆమెతోపాటే ఆ పనితనం కూడా ఇంట్లో ఉండిపోతోంది. అడిగితే చెబుతుంది. అడిగేవాళ్లే ఉండరు.

వనభోజనాలకూ ఇదే వర్తిస్తుంది. కార్తీకం రాగానే పేపర్లో కులాలవారీ వనభోజనాల వార్తలు వరసకడతాయి. ఎదురింటివాళ్లు ఒక తోటకు, పక్కింటివాళ్లు మరో తోటకు. ఉసిరిచెట్టు మాత్రం తన నీడలో కూర్చున్నవాళ్లను ఎవరని అడగదు. వీధిలో నాలుగిళ్లవాళ్లు కలిసి తలా ఒక గిన్నె తెచ్చుకుంటే ఆ భోజనం రుచే వేరు.

తెనాలి నుంచి రెండు దారులు

2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు వచ్చాక బాపట్ల, రేపల్లె ఒక జిల్లాలోకి, తెనాలి గుంటూరు జిల్లాలోకి వెళ్లాయి. ఆదివారం షికారుకు ఆ సరిహద్దుతో పనేం లేదు. తెనాలి జంక్షన్‌లో నిలబడితే రెండు ఊళ్లకూ రైలుంది.

మెయిన్ లైన్ పట్టుకుంటే నిడుబ్రోలు మీదుగా బాపట్ల. ఊరికి ఆ పేరు రావడానికి కారణమైన భావనారాయణస్వామిని చూసుకుని, ఆటో ఎక్కితే తొమ్మిది కిలోమీటర్లలో సూర్యలంక. దారిలో సరుగుడు తోటలు, తాటిచెట్లు. కార్తీక పౌర్ణమినాడు ఇక్కడ సముద్ర స్నానాలకు జనం విరగబడతారు. డొప్ప దీపాలు మాత్రం ఇక్కడికి తేకండి. మొదటి అలకే బోల్తా పడతాయి. అవి కాలువకు చెందినవి. పిల్లల్ని కూడా మోకాలి లోతు దాటనివ్వకండి. కెరటం వెనక్కి వెళ్లేటప్పుడు కాళ్ల కింద ఇసుకను లాగేస్తుంది. తిరిగొచ్చేటప్పుడు తేగలు దొరికితే ఓ కట్ట కొనుక్కోవచ్చు.

రెండోది రేపల్లె లైను. వేమూరు దాటాక భట్టిప్రోలులో దిగితే బౌద్ధ స్తూపం ఉంది. 1892లో అలెగ్జాండర్ రీ ఇక్కడ తవ్వించినప్పుడు బ్రాహ్మీ అక్షరాలున్న రాతి పేటికలు బయటపడ్డాయి. వాటి లోపల పూసలు, చిన్న చిన్న బంగారు పూలు ఉన్నాయి. క్రీస్తుకు పూర్వమే ఈ గడ్డమీద ఎవరో కూర్చుని ఓపిగ్గా ఆ రేకులు కత్తిరించారన్నమాట. పిల్లలకు రాజుల పేర్లకన్నా ఈ ముక్క బాగా గుర్తుంటుంది. మళ్లీ రైలెక్కితే లైను చివర రేపల్లె. అక్కడినుంచి పెనుమూడి వెళితే కృష్ణ అవతలి ఒడ్డు దూరంగా కనిపిస్తుంది. వంతెన దాటితే పులిగడ్డ, ఆపైన సుబ్రహ్మణ్యేశ్వరుడి మోపిదేవి.

ఏ కాలానికి ఆ పని

కార్తీకం దాటిపోయిందని బెంగ వద్దు. ఏడాది పొడుగునా ఈ నేల ఏదో ఒకటి అందిస్తూనే ఉంటుంది.

కోతల వేళ వరికంకులతో కుచ్చులు అల్లి వసారాలో వేలాడదీస్తే పిచ్చుకలు వాలతాయి. కాకపోతే కోత మిషను చేలో దిగకముందే రైతునడిగి నాలుగు గుప్పెళ్లు కొడవలితో కోసుకోవాలి. మిషను వెళ్లాక మిగిలే గడ్డి కుచ్చుకు పనికిరాదు. ధనుర్మాసంలో పేడ తెచ్చి భోగి పిడకలు తట్టి, నడుమ చిల్లులు పెట్టి ఎండబెడితే దండ గుచ్చడం పిల్లల వంతు. ఎండాకాలంలో ముంజెలు తిన్నాక రెండు కాయల్ని పుల్లతో కలిపి, పంగల కర్ర తగిలిస్తే బండి తయారు. ఆషాఢంలో గోరింటాకు ఉంది. చవితికి కాలువ మట్టితో వినాయకుడు ఉన్నాడు.

వీటిలో దేనికీ పెద్ద ఖర్చు లేదు. కావలసింది తోటదాకా నడిచే ఓపిక, నలుగురి తోడు, ఎలా చేయాలో చెప్పే ఒక పెద్ద మనిషి. మొదటి రెండూ ఎప్పుడైనా కుదురుతాయి. మూడోదానికే గడువుంది. ఈసారి బండి బయల్దేరదీసేముందు కిటికీ పక్క సీటు ఆవిడకు అట్టేపెట్టండి. దారిలో రెండుసార్లు ఆగాల్సి వస్తే ఆగండి. ఆ ఆగిన చోటే గట్టున ఓ అరటిబోదె కనబడొచ్చు.